లోపల వదిలిన గుడ్డ

టైలర్ మాస్టారిది నోరు దురుసు, చెయ్యి మెత్తన. ముప్ఫై ఏళ్లుగా ఇంటి ముందుగదిలో మిషను తొక్కుతున్నారు. పిల్లల బట్టలు ఏవి కుట్టినా పక్క కుట్లలో రెండు వేళ్ల వెడల్పు గుడ్డ లోపలికి వదులుతారు. ఏ తల్లైనా "అంత గుడ్డ ఎందుకు దండగ?" అందా, కస్సుమంటారు.

"ఏం, మీ పిల్లాడు పెరగడా? వచ్చే ఏడు కుట్టు విప్పుకుని నన్ను తలుచుకోండి!"

వీధిలో సగంమంది ఆయన కుట్లు విప్పుకుంటూనే పెద్దవాళ్లయ్యారు.

అలాంటి మనిషికి మనవరాలు పుట్టింది. పుడుతూనే బోలెడు చిక్కులు వెంట తెచ్చుకుంది. అంగిట్లో చీలిక, గుండెలో రంధ్రం, ఎడమచేతికి రెండు వేళ్లు అతుక్కుని ఉన్నాయి. జన్యువుల్లో తేడా వల్ల వచ్చిందనీ, చాలా అరుదనీ, ఇందులో ఎవరి తప్పూ లేదనీ డాక్టరమ్మ చెప్పింది. ఆ జబ్బు పేరు పలకబోయి మాస్టారు రెండుసార్లు నాలుక కరుచుకున్నారు. కానీ ఆవిడ చివర్లో అన్న మాట మాత్రం ఆయన చెవిలో ఉండిపోయింది.

"బరువు పెరిగితేనే గుండెకి ఆపరేషన్ చేయగలం. ఇలాంటి పిల్లలకి ఆ పెరగడమే కష్టం."

పాపకి పొట్ట దగ్గర పెట్టిన గొట్టంలోంచే పాలు. కొన్న గౌను ఒక్కటీ కుదరలేదు. మాస్టారు రంగంలోకి దిగారు. ఉన్న కాస్త పసుపు గుడ్డతో, పొట్టమీద గొట్టానికి చిన్న తలుపూ, దానికి రెండు గుండీలూ పెట్టి గౌను కుట్టారు. తొడిగితే అతికినట్టు సరిపోయింది. ఆయన మురిసిపోతుంటే, కూతురు అంచు తిరగేసి చూసింది.

"నాన్నా, లోపల గుడ్డ వదల్లేదేం?"

మాస్టారు వంగి తనూ ఆ అంచు తడిమి చూశారు. కావాలని చేసింది కాదు. వీధిలో పిల్లలందరూ పెరుగుతారని నమ్మిన చెయ్యి, సొంత మనవరాలి దగ్గరకొచ్చేసరికి నమ్మలేకపోయింది. సిగ్గుతో తల దించుకున్నారు.

"విప్పి మళ్లీ కుడతానమ్మా."

"గుడ్డేదీ, కత్తిరించేశావుగా! ఉండనీ. అది బిగుతైన రోజు నీ సంగతి చెప్తా."

ఇక ప్రతి ఆదివారం పాపకి ఆ గౌనే. మాస్టారు ఊపిరి బిగబట్టి గుండీలు పెట్టేవారు. వారాలు గడిచినా అవి హాయిగా పడిపోతుంటే వాటిమీదే విసుక్కునేవారు.

"సిగ్గులేదూ, అంత సులువుగా పడిపోవడానికి?"

మూడు నెలలు దాటాక ఒక ఆదివారం, గుండీ కాజాలోకి రానంది. ఇంకాస్త లాగారు. పక్క కుట్టు పర్రుమంది. పాప కిలకిలా నవ్వింది.

"ముప్ఫై ఏళ్ల పనితనం చూడండి!" అని మాస్టారి భార్య బుగ్గలు నొక్కుకుంది.

మాస్టారు చిరిగిన గౌను పట్టుకుని వీధిలోకి పరుగెత్తారు.

"ఏమండోయ్, నా అంత పనికిమాలిన టైలర్ ఇంకొకడు లేడు! పిల్ల పెరుగుతుందని తెలిసి కూడా వేలెడు గుడ్డ వదల్లేదు!"

కళ్లు తుడుచుకుంటూ తనను తాను తిట్టుకుంటుంటే, వీధంతా నవ్వుతూ వచ్చి చుట్టూ చేరింది.

ఆపరేషన్‌కి తేదీ ఖాయమైంది. ఆసుపత్రికి తొడుక్కెళ్లే గౌనుకి మాస్టారు లోపల నాలుగు వేళ్ల గుడ్డ వదిలారు.

"ఇంతెందుకు నాన్నా?"

"ఏం, నీ కూతురు పెరగదా?" అని కస్సుమన్నారు.