రానివాళ్ళను అడిగిన డాక్టరమ్మ

మా పెద్ద డాక్టరమ్మ గారు పోయారన్న కబురు బందరు వైపు నుంచి వచ్చిన బస్సు కండక్టరు చెప్పాడు. విజయవాడలో మా ఆఫీసు గుమ్మంలో నిలబడి, "రాత్రి గుండెపోటొచ్చిందంటండీ. మీకు చెప్పమన్నారు" అని వెళ్ళిపోయాడు. చేతిలో ఉన్న టీ పూర్తిగా తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను. తరవాత ఏం చెయ్యాలో తోచక కడిగిన గ్లాసునే మళ్ళీ కడిగాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్నప్పుడూ రావడం లేదు.

డెబ్బైల మొదట్లో ఆవిడ పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలను తనిఖీ చేసే అధికారి. నేను ఆవిడ వెంట జీపులో తిరిగిన హెల్త్ విజిటర్ని. మేం వస్తున్నామని ముందే తెలుస్తుంది కాబట్టి ఎక్కడికి వెళ్ళినా గోడలకు కొత్త సున్నం, మంచాలకు ఉతికిన దుప్పట్లు, మా కోసం కాఫీ సిద్ధంగా ఉండేవి. ఆవిడ కాఫీ ముట్టేవారు కాదు. "రోగులు తాగే కుండలో నీళ్ళివ్వండి చాలు" అనేవారు. ఆ మాటకి కొన్ని చోట్ల ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. రోగి దగ్గరికి వెళ్ళే ముందు చేతి గడియారం తీసి సంచిలో వేసుకునేవారు. ఎందుకని అడిగితే, "మనం టైము చూశామంటే వాళ్ళు చెప్పేది మింగేస్తారే" అన్నారు.

ఆస్పత్రి చూడడం అయ్యాక ఊళ్ళోకి నడిచేవారు. "వచ్చినవాళ్ళనడిగితే బాగుందనే చెబుతారు. రావడం మానేసినవాళ్ళనడగాలి" అనేది ఆవిడ పద్ధతి.

అలా ఒకసారి కంకిపాడు దాటి, బందరు కూడా దాటి, సముద్రం దగ్గరి ఒక ఊరికి వెళ్ళాం. అక్కడి కేంద్రాన్ని మా పై అధికారి జిల్లాలోకెల్లా మంచిదని చూపించదలిచాడు. నిజంగానే మందులున్నాయి, సిబ్బంది ఉన్నారు, డాక్టరు కుర్చీలో ఉన్నాడు. కానీ వరండాలో చేపలు పట్టేవాళ్ళ ఇళ్ళనుంచి ఒక్కరూ లేరు. సగం ఊరు వాళ్ళదే.

ఆవిడ వాళ్ళ పేటకి నడిచారు. గుడిసె ముందు వల బాగుచేస్తున్న ఒకామె దగ్గర నేలమీద కూర్చున్నారు. ఆస్పత్రికి ఎందుకు రావడం లేదని అడిగారు. ఆమె వల పక్కన పెట్టి, అప్పుడు చెప్పింది.

"వచ్చానండి. పిల్లకి వాంతులూ విరోచనాలూ పట్టుకుంటే చేపల బుట్ట అక్కడే దింపేసి ఎత్తుకొచ్చాను. డాక్టరు గారు కంపు కొడతన్నావు, ఒళ్ళు కడుక్కుని రమ్మన్నారండి. ఇంటికొచ్చి పిల్లని మా అత్త ఒళ్ళో పెట్టి నీళ్ళు పోసుకున్నాను. చీర కట్టుకునేసరికి..."

అక్కడ ఆపేసింది.

"తిట్టలేదండి. మామూలుగానే చెప్పారు" అంది, ఆయన మీద మాట రాకూడదన్నట్టు.

తిరిగొచ్చాక డాక్టరమ్మ గారు జరిగింది జరిగినట్టు రిపోర్టులో రాశారు. పై అధికారి పిలిపించాడు. నేను పక్కనే ఉన్నాను.

"అన్నీ ఉన్నాయని మీరే రాశారు. ఇంక లోటేవిటండీ? వాసన గురించి కూడా రాస్తారా?"

"వైద్యం బాగుందా లేదా అని కదండీ నన్ను చూడమన్నారు. అన్నీ ఉండీ ఆ పిల్లకి అందలేదు. అదే రాశాను."

"ఆ పేరా తీసెయ్యండి."

"తియ్యనండీ."

ఆయనకి కోపం వచ్చింది. "అంత బాధగా ఉంటే మీరే వెళ్ళి నడపండి అక్కడ!"

"ఆర్డరివ్వండి, వెళతాను" అన్నారావిడ.

ఆయన నిజంగానే ఇచ్చాడు. ఆ డాక్టరుకి ఏ శిక్షా పడలేదు, ఇంకో ఊరికి బదిలీ అయ్యాడు, అంతే. ఆవిడ మాత్రం జీపూ హోదా వదులుకుని రెండు ట్రంకు పెట్టెలతో బస్సెక్కారు. చివరిదాకా అక్కడే ఉండిపోయారు.

మొదట్లో చేపలవాళ్ళు వచ్చినా స్నానాలు చేసి వచ్చేవారు. జ్వరం పిల్లలకీ చన్నీళ్ళు పోసి తెచ్చేవారు. వద్దని ఎంత చెప్పినా నమ్మలేదు. దాంతో ఆవిడే పొద్దున్నే పడవలొచ్చే చోటికి వెళ్ళి, బుట్టల మధ్య ముక్కాలి పీట వేసుకుని రోగుల్ని చూడడం మొదలుపెట్టారు. పిల్ల పోయిన ఆమె మాత్రం అటువైపే రాలేదు. ఆమె కోసం ఆవిడ కబురూ పంపలేదు. "పిలిస్తే వస్తుంది. అది రావడం కాదు" అన్నారు.

ఏళ్ళు గడిచాయి. నేను చూడడానికి వెళ్ళిన ఒక రోజు, రోగులంతా వెళ్ళిపోయాక, "ఇవాళ ఆమె వచ్చిందే. చంటాణ్ణెత్తుకుని, తిన్నగా ఒడ్డు నుంచే ఆస్పత్రికొచ్చింది" అన్నారు. కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

కబురందిన రోజు నేను వెళ్ళేసరికి వాకిలంతా జనం. ఆవిడ తమ్ముడు చెయ్యవలసినవి చేస్తున్నారు. నేను కాళ్ళకి దండం పెట్టాను. అందరూ ఏడుస్తుంటే పక్కన నిలబడ్డాను. తీసుకువెళ్ళాక అక్కడ నాకు పని లేదు. కాళ్ళు వాటంతటవే ఆస్పత్రి వైపు నడిచాయి.

తలుపులు వేసి ఉన్నాయి. వరండాలో ఒకామె పిల్లవాణ్ణి ఒళ్ళో వేసుకుని కూర్చుంది. కాలవ అవతలి నుంచి వచ్చిందట, ఏమీ తెలియదు.

"డాక్టరమ్మ గారు వచ్చేత్తారా అండి?" అని అడిగింది.

రారని చెప్పడానికి నోరు తెరిచాను. ఆమె పక్కన కూర్చుని, "ఏదీ, ఇలా ఇవ్వమ్మా" అని పిల్లవాణ్ణి తీసుకున్నాను. నుదుటి మీద చెయ్యి వేశాను. కాలిపోతోంది. పొద్దుటినుంచీ మొద్దుబారిపోయిన నా చేతికి ఆ వేడి తగిలింది. వాడు కళ్ళు తెరిచి, నా వేలు గట్టిగా పట్టుకున్నాడు.