గోడకు జెరం చూసే పెద్దాయన

శ్రీరాంపూర్‌లో మా వెనక గల్లీలో, బొగ్గుబావిలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు ఉండేవారు. ఎండాకాలం ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే గోడకు అరచెయ్యి ఆనించి చూసేవారు.

"మీ ఇంటికి జెరమొచ్చింది బిడ్డా. స్లాబు మీద తెల్లగ సున్నం ఎయ్యిండ్రి" అనేవారు.

చాలామంది నవ్వేవారు. నేనూ నవ్వాను.

మా పాప పుట్టిన ఏడాది ఎండలు మరీ ముదిరాయి. నెల తిరగని బిడ్డ ఒళ్లంతా చెమటకాయలతో గుక్కపట్టి ఏడుస్తుంటే తట్టుకోలేక, ఎవరో వాడేసిన ఏసీ కొనడానికి బయలుదేరాను. పెద్దాయన గుమ్మంలో ఎదురయ్యారు. సంగతి చెప్పాను.

"గా పాతది కరెంటు తాగుతది గని, స్లాబు కాలుడు ఆపుతదా? బాయిల ఉడికినోన్ని, ఉక్కపోత నాకెరుకలేదా? రెండు దినాలు నా మాట ఇను."

ఆ సాయంత్రమే సున్నం తెచ్చి మా స్లాబు ఎక్కారు. నాతో ఊడ్పించి, తానే వంగి రెండు పూతలు వేశారు. మూడోనాటి మధ్యాహ్నం పాప ఫ్యాను కిందే ఆదమరచి నిద్రపోయింది. ఏసీ మాట నేను మళ్లీ ఎత్తలేదు.

ఆ సున్నం ఆయన తన ఇంటి కోసం తెచ్చుకున్నదని తర్వాత వాళ్ల ఇంటావిడ చెబితే తెలిసింది. సిగ్గేసింది. మర్నాడే సున్నం బస్తా కొని వాళ్లింటికి మోసుకుపోయాను.

ఆయన బస్తాను చూసి, లేచి చెప్పులేసుకున్నారు.

"మాది ఆగుతది. మూలింట్ల మంచం పట్టిన మనిషున్నడు. ముందుగాల గా ఇంటికి పోదాం పా."

బస్తా మళ్లీ భుజానికెత్తుకుని ఆయన వెంట నడిచాను.