రోడ్డు పక్కన ఎంచిన అడవి

నా చిన్నప్పుడు శనివారం సాయంత్రం ఆరైతే నేను ఫోన్ పక్కనే కూర్చునేదాన్ని. కాన్‌బెర్రా నుంచి నాన్న ఫోన్ చేసేది ఆ వేళలోనే. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తారీకు తప్పుతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ తప్పులు వెతికే కాంట్రాక్టు మీద నాన్న అక్కడ, అమ్మా నేనూ మెల్‌బోర్న్‌లో, క్లేటన్‌లోని అద్దె ఇంట్లో. అమ్మకు వృద్ధాశ్రమంలో పని, వారాంతాల్లోనే ఎక్కువ షిఫ్టులు. బడిలో నా పక్కన కూర్చుని తినేవాళ్ళు లేరు. నాకప్పుడు పదేళ్ళు.

పక్కింటి అంకుల్‌ది కడప. మాంసం కొట్టు నడిపేవారు. ఏడాదికోసారి కొట్టు మూసి, ఆంటీతో కలిసి కొండల్లో గుడారం వేసుకుని కణుజులనే పెద్ద జింకల వేటకు వెళ్ళేవారు. అక్కడివాళ్ళు కణుజును సాంబర్ అంటారని చెబితే, అన్నంలో కలుపుకునే సాంబారు గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. ఆ చలికాలం, అమ్మకు షిఫ్టు పడ్డ ఒక వారాంతం, నన్నూ తీసుకెళ్తామన్నారు.

చోటు ఎంచడానికి భోజనాల బల్ల మీద మ్యాప్ పరిచి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఈ ఆకుపచ్చ రంగంతా సర్కారు అడవి, లైసెన్సు ఉంటే వేటాడవచ్చు; ఈ గీత దాటితే తుపాకీ తీయకూడదు. వాగు దగ్గరుండాలి, గాలి వాలు తెలియాలి, అన్నిటికన్నా రోడ్డుకు దూరంగా ఉండాలి. అంతా ఓపిగ్గా చెప్పి, రెండు చోట్ల పెన్సిల్‌తో సున్నాలు చుట్టారు.

"ఈతూరి నువ్వే చెప్పు బేటా, యాడికి పోదాం?"

నేను ఆ సున్నాలు రెంటినీ వదిలేసి, రోడ్డు పక్కనే నది ఒడ్డున ఉన్న మైదానం మీద వేలు పెట్టాను. దాన్ని ఆనుకుని చిన్న ఊరుంది. ఆ ఊళ్ళో పెట్రోల్ బంకు బయట ఫోన్ బూత్ ఉందని ఒక పిక్నిక్‌కి వెళ్ళినప్పుడు చూశాను. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది.

"ఇక్కడ ఫ్లాట్‌గా ఉంటుంది అంకుల్. ఆంటీ మోకాళ్ళకి ఈజీ," అన్నాను.

ఆంటీ మురిసిపోయింది. "చూసినారా, నా మోకాళ్ళ సంగతి మీకెప్పుడన్నా గుర్తొచ్చిందా?" అంటూ నా తల నిమిరింది. అంకుల్ ఒక్క క్షణం నా వేలి వైపు చూసి, సరేనంటూ మ్యాప్ మడిచారు.

మేం వెళ్ళేసరికే అక్కడ నాలుగు బండ్లున్నాయి. మాంసం కాల్చే పొయ్యిల పొగ, పాటలు, కుక్కల అరుపులు. శనివారం తెల్లవారుజామునే తుపాకీ భుజాన వేసుకుని బయల్దేరిన అంకుల్ ఎండెక్కాక ఖాళీ చేతులతో తిరిగొచ్చారు. మధ్యాహ్నమూ అంతే. ఏడాదికి ఆయనకు దొరికేది ఆ రెండు రోజులే. ఆంటీ మాత్రం అందరికీ నా మంచితనమే చెబుతోంది.

ఆరవుతుండగా ఊళ్ళోకి వెళ్దామని అడిగాను. అంకుల్ ఎందుకని అడగలేదు. బూత్‌లో నాన్న గది నంబరు తిప్పాను. ఎంతసేపు మోగినా ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ తిప్పాను. మూడోసారి ఏడుపు ఆగలేదు, అబద్ధం సంగతంతా అంకుల్‌తో చెప్పేశాను.

"రోడ్డు పక్కకి జంతువు రాదని నాకు తెల్సు బేటా. నీకేదో పని ఉన్నట్టుందని ఊరుకున్నా," అన్నారాయన. "నాన్నతో మాట్లాడల్లంటే ఇంటికాడే ఉండిపోదుముగా? అడివి యాడికి పోతాది? నీకేం కావల్లో నీ నోటితో అడుగు. ఆంటీ మోకాళ్ళను అడ్డం పెట్టొద్దు."

నాన్న ఆ వారాంతమంతా ఆఫీసులోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం బంకు మూసేదాకా అంకుల్ నాతో పాటు ఆ బంకు అరుగు మీదే కూర్చున్నారు. ఫోన్ చేసినప్పుడల్లా నా వెనకే వచ్చి నిలబడ్డారు.

ఆ తర్వాత కూడా నా ఒంటరితనం తగ్గలేదు. కానీ నాకు కావలసినదాన్ని ఇంకొకరి పేరు మీద అడగడం ఆ రోజుతో మానేశాను. నా ముందు ఎవరైనా వింతైన చోటు మీద వేలు పెడితే మాత్రం వాదించను. వాళ్ళతో పాటు అక్కడిదాకా వెళ్తాను.