మునెమ్మత్త చదివించిన నక్షత్రాలు

నిన్న సాయంత్రం జార్జి టౌన్‌లో బస్సు కోసం నిలబడి ఉంటే, పక్క సందులోంచి వేడెక్కిన వార్నిష్ వాసన వచ్చింది. ఎవరో మోటారుకు కొత్తగా రాగితీగ చుట్టి, వార్నిష్ పూసి ఆరబెడుతున్నారు. తలనొప్పి తెప్పించే ఘాటు వాసన. నాకు మాత్రం ప్రాణం లేచివచ్చినట్టయింది. చూలై పేటలో మా ఇంటి కింద, రేకుల షెడ్డులో మునెమ్మత్త ఫ్యాన్లు బాగుచేసేది. భర్త పోయాక ఆ పని తానే అందుకుంది. మాకు చుట్టం కాదు, అయినా వీధిలో పిల్లలందరికీ అత్తే.

నేను ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి, చదివేటప్పుడు, ఒకరోజు రెండు ఫ్యాన్లను గంటసేపు తిప్పి ఆపింది. నా చెయ్యి పట్టుకుని ఒకదాని మోటారు మీద ఆనించింది. చురుక్కుమని వెనక్కి లాక్కున్నాను. రెండోది గోరువెచ్చగా ఉంది.

"తెలిసిందా మే, పాపా? రెండూ ఒకే గాలి ఇస్తాయి. ఈ కాలతా ఉండేదాంట్లో కరెంటు ఊరికే వేడిగా పోతా ఉండాది" అంది.

ఆ రాత్రి మా ఇంట్లో ప్లగ్గు ఉన్న ప్రతి వస్తువునూ తాకి చూశాను!

ఆ ఏడాది వేసవికి ముందు అమ్మ ఒకరిళ్లలో వంటపని మానేసి, దోసెపిండి రుబ్బి అమ్మాలనుకుంది. దానికి ఫ్రిజ్జు కావాలి. ఎంపిక తప్పితే ఇంకోటి కొనే శక్తి మాకు లేదు. అమ్మా, అత్తా, నేనూ ముగ్గురం పురసవాక్కం బజారుకు వెళ్లాం. కొట్టులో అమ్మే అతను ఒక పాత నిలవ సరుకు, రెండు తలుపుల ఫ్రిజ్జు చూపించి, దాని మీది కరెంటు ఆదా చీటీని తట్టి, "అయిదు నక్షత్రాలమ్మా, ఇంతకన్నా ఏం కావాలి?" అన్నాడు తమిళంలో. అమ్మ కళ్లు మెరిశాయి. మునెమ్మత్త దాని ముందు గొంతుక్కూర్చుంది.

"ఈడికి దా మే. ఆ చీటీ ఏ సంవత్సరందో చదువు."

చదివాను. ఆ లేబుల్ గడువు ఎప్పుడో దాటిపోయింది. పక్కనున్న ఒంటితలుపు ఫ్రిజ్జుది చదవమంది. దానికి మూడే నక్షత్రాలు. అయినా ఏడాదికి కాలే యూనిట్లు పెద్దదానికన్నా తక్కువ!

"నక్షత్రాలు దాని సైజువాటితో పోల్చి ఇచ్చేవి. మన మీటరు తిప్పేది ఆ యూనిట్లు గదా" అంది అత్త.

అతను నవ్వాడు. "ఫ్యాన్లు చుట్టేవాళ్లకి ఫ్రిజ్జు సంగతేం తెలుసు?"

అత్త ఆ చిన్న ఫ్రిజ్జు తలుపు తెరిచింది. కొంగుముడి విప్పి పురికొస తీసింది. మా పిండిగిన్నెల వెడల్పు కొలిచి దానికి ముందే ముడులు వేసుకొచ్చింది. అరల మీద పరిచి చూసింది. గిన్నెలన్నీ పడతాయని తేలింది. అమ్మ ఆ చిన్నదానిమీద చెయ్యి వేసి, "ఇదే" అంది.

తిరుగు బస్సులో, అన్నీ నాచేతే ఎందుకు చదివించావని అడిగాను. "నాకు అంకెలొస్తాయి మే, ఏ అంకె దేనిదో చెప్పే అక్షరాలు రావు" అంది మామూలుగా.

మే నెల కత్తిరి ఎండల్లో వీధిలో అందరి పిండీ పులిసిపోతే, మా పిండి పులవలేదు. అమ్మ మళ్లీ ఒకరింటి పొయ్యి దగ్గరికి వెళ్లలేదు.

కొన్నేళ్లకు తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం ఫ్యాన్లు వచ్చాయి. పాతవి పట్టుకొచ్చినవాళ్లతో అత్తే, "దీనికి మళ్లీ చుట్టేదెందుకయ్యా, కొత్తది కొనుక్కో పో" అనేది. నాకు కోపం వచ్చింది. "నీ పని నువ్వే పోగొట్టుకుంటావా అత్తా?"

"పని పోతే ఇంకోటి నేర్చుకోవచ్చు మే. అబద్ధం చెప్తే, అది వాళ్లింట్లో దినామూ తిరగతానే ఉంటాది గదా."

అన్నట్టే యాభై దాటాక ఆ కొత్త ఫ్యాన్ల సర్క్యూట్లు నేర్చుకుంది. ఫ్యాన్లతో వచ్చిన కాగితాలు నేను చదివి చెబితే, ఆమె అతుకులు వేసేది. మూడు వారాలు ఏదీ కదల్లేదు. ఒక మధ్యాహ్నం చచ్చిన ఫ్యాను ఒకటి వణికి, గిర్రున తిరిగింది. "తిరిగింది మే! తిరిగింది!" అని అరుస్తూ నా రెండు చేతులూ పట్టుకుని షెడ్డంతా తిప్పేసింది. వీధంతా పరుగెత్తుకొచ్చింది.

అత్త పోయి రెండేళ్లు. నేనిప్పుడు ఒక ఫ్రిజ్జులు, ఫ్యాన్ల షోరూములో అమ్మకాలు చూస్తున్నాను. ఎవరొచ్చినా ముందు ఇంట్లో ఎంతమంది, గది ఎంత, ఏం వండుకుంటారు అని అడుగుతాను. అవసరం లేనిదాన్ని వద్దని చెప్పేస్తాను. అప్పుడప్పుడు మా యజమాని మొహం ముడుచుకుంటాడు. ఆ రోజు నేను మరీ హుషారుగా ఇంటికి వస్తాను.