లైటు కింద కేళీలు

ఏడో తరగతిలో లెక్కలు నన్ను బడి నుంచి ఏరేశాయి. అందుకేనేమో, పెద్దయ్యాక వరి పరిశోధన పొలంలో నాకు దొరికిన పనీ ఏరివేతే. మడిలో తక్కినవాటికి తేడాగా నిలబడ్డ మొక్కని కేళీ అంటారు. కనబడగానే వేళ్ళతో సహా పీకాలి.

తొంభైల చివర్లో, బెజవాడకి దిగువన, కాలవ గట్టు పక్కన ఆ మడి. ఆ పొలం చూసే సైంటిస్టు మా సారుగారు ఏడేళ్ళుగా ఒకే కొత్త వరి వంగడం మీద కూర్చున్నారు. కోతకు ముందు పై ఆఫీసు పెద్దలొచ్చి చూస్తారు. మొక్కలన్నీ ఒకే తీరున ఉంటే వంగడం నిలుస్తుంది, లేదంటే ఏడేళ్ళూ గంగలో కలిసినట్టే.

మడంతా వెన్ను తీసి కంకులేసింది, గట్టు వైపు ఒక్కచోట తప్ప. అక్కడ దుబ్బులు ఏపుగా, పచ్చగా, ఒక్క వెన్నూ లేకుండా నిలబడ్డాయి. ఎవరో తాడు పట్టి గీసినట్టు గుండ్రంగా. చుట్టూ వెన్నులు తలలూపుతుంటే ఆ గుండ్రం మాత్రం ఊరికే చూస్తోంది.

నాతో ఏరే ముసలామె అడుగు వెనక్కి వేసింది. "ఒరే అబ్బాయ్, అందులో దిగమాకు. గాలి సోకిన నేల అది."

"ఇంత గుండ్రంగా నా లెక్కల పేపర్లో సున్నాలే ఉండేవి పిన్నీ."

నవ్వుతూనే దిగాను. సారుగారిని కాపాడుతున్నాననుకుని సగం గుండ్రం పీకేసి, మోపు కట్టి, పంపు షెడ్డు వెనక బురదలో పడేశాను.

సారుగారు వచ్చి చూశారు. తిట్టలేదు. అందుకే భయమేసింది.

"అవి కేళీలు కావయ్యా. ఇదే విత్తనం, ఇదే నారు." గట్టు మీద కొత్తగా వేసిన లైటు స్తంభం కేసి చూశారు. "చీకటి బాగా పొడుగైతేనే ఈ వంగడం వెన్ను తీస్తుంది. ఆ లైటు కింద వాటికింకా రాత్రి కాలేదు."

"పెద్దలకి అదే చెప్పండి సార్."

"విత్తనమే కల్తీ అంటారు. ఈ మొక్కే చీకట్లో వెన్ను తీసిందని చూపించాలి. ఇంక నెలే ఉంది, అంత టైమెక్కడిది?"

నెల గడిచి, పెద్దలొచ్చే ముందు రోజు సాయంత్రం, కాళ్ళు కడుక్కుందామని షెడ్డు వెనక్కి వెళ్ళాను. గోడ అడ్డం వచ్చి లైటు సోకని చోటు అది. నేను చంపి పడేసిన మోపు వేళ్ళూనుకుని లేచి నిలబడింది. ప్రతి దుబ్బుకీ వెన్ను. కట్టిన తాడు కట్టినట్టే ఉంది.

"సార్!" అని అరిచాను.

సారుగారు పరుగెత్తుకొచ్చి బురదలోనే కూర్చుండిపోయారు. "రేపు వాళ్ళని ముందు ఇక్కడికే తీసుకొస్తాను," అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు మాత్రం దేన్నీ ముట్టుకోమాకు."

అప్పుడే గట్టు మీద లైటు వెలిగింది. గుండ్రంలో మిగిలిన దుబ్బులు పచ్చగా నిలబడే ఉన్నాయి, పొద్దెప్పుడు పోతుందా అని చూస్తూ.