నేలకు తగిలిన గౌను

2022 నవంబరు. మేముండే బాతెల్ ఊళ్ళో ఆ నెలంతా పొద్దున్నే పొగమంచు. ఫ్రీవే దిగి ఆఫీస్ పార్క్‌లోకి తిరిగేసరికి మా బిల్డింగ్ కనిపించేది కాదు, దాని కిటికీల వెలుతురు మాత్రం గాల్లో వేలాడుతూ ఉండేది. కార్ పార్క్ చేసి ఆ వెలుతురు వైపు నడుస్తుంటే నేనింకా నిద్ర లేవలేదేమో అనిపించేది.

ఆ బిల్డింగ్‌లో మేం ఇంజెక్షన్ మందులు సీసాల్లో నింపుతాం. మందు వేరే కంపెనీలది, నింపడం మాది. అప్పటికి పన్నెండేళ్ళుగా నేను అక్కడ క్వాలిటీ విభాగంలో ఉన్నాను. పనిలో ఏదైనా తేడా వస్తే దాన్ని మా వాళ్ళు డీవియేషన్ అంటారు. అది ఎందుకొచ్చిందో దర్యాప్తు చేసి, చివర్లో ఒక్క వాక్యం రాయాలి. దాన్ని రూట్ కాజ్ అంటారు, అంటే అసలు కారణం. వసుంధర రాసిన రూట్ కాజ్‌ని ఎవరూ కదపలేరని నాకో పేరుండేది. ఆ పేరంటే నాకు ఇష్టంగానే ఉండేది, దాచడం దేనికి.

సీసాలు నింపే గదిని క్లీన్‌రూమ్ అంటారు. కారిడార్‌లో ఒక పెద్ద అద్దంలోంచి లోపలికి చూడొచ్చు. తల నుంచి కాలి వరకు, ప్యాంటులా రెండు కాళ్ళున్న తెల్లటి గౌన్లు, గాగుల్స్ వెనక కళ్ళు మాత్రమే కనిపించే మనుషులు. అక్కడ ఎవరూ త్వరగా కదలరు. చెయ్యి విసురుగా ఊపితే గాలి చెదురుతుందని, అందరూ చెరువు అడుగున నడుస్తున్నట్టు నడుస్తారు. అద్దానికి ఇవతల చప్పుడేమీ వినిపించదు. ఒక్కోసారి నేను కాఫీ కప్పు పట్టుకుని అక్కడే నిలబడిపోయేదాన్ని. ఎంతసేపు నిలబడ్డానో కాఫీ చల్లారాక తెలిసేది.

ఆ గదిలో అక్కడక్కడా జెల్లీ పోసిన చిన్న మూకుళ్ళు మూత తీసి పెడతారు. సెటిల్ ప్లేట్ అంటారు. గాల్లోంచి కంటికి కనపడని క్రిమి ఏదైనా దాని మీద పడితే, కొన్ని రోజుల్లో పెరిగి కనిపిస్తుంది. ఏమీ పెరగకపోతే అందరం హాయిగా ఉంటాం. ఆ శరత్కాలంలో గుమ్మం దగ్గరి ప్లేట్ మీద మూడుసార్లు దూదిపింజంత బూజు మొలిచింది. సీసాలకి అది దూరమే, మందుకి ఏమీ కాలేదు. కానీ గుమ్మం దాకా వచ్చింది లోపలికీ రాగలదు. ఆ మూడు రోజులూ ఆ మూల పనిచేసింది ఒకే మనిషి, రాజ్యలక్ష్మి.

రాజ్యం గారికి యాభై రెండేళ్ళు. హనుమకొండలో జూనియర్ కాలేజీ పిల్లలకి బాటనీ చెప్పేవారు. ఈ దేశం వచ్చాక మా దగ్గర ఆపరేటర్‌గా చేరారు. భర్తకి పక్షవాతం వచ్చి కుర్చీకి పరిమితమయ్యారు. ఇంట్లో ఇద్దరికీ ఇన్సూరెన్స్ ఆవిడ ఉద్యోగం మీదే. మా రూల్ ప్రకారం ఒకే మనిషి పేరు మీద మూడు డీవియేషన్లు నిలబడితే క్లీన్‌రూమ్‌లోకి వెళ్ళే అర్హత తీసేస్తారు. ఆవిణ్ణి తీసుకున్నదే ఆ గది కోసం. ఇంకో చోట పని లేదు. అప్పటికి రెండు నా సంతకంతోనే నిలబడ్డాయి. మూడోది నా టేబుల్ మీద ఉంది.

నిజానికి ఆ కేసు ఒక్క కప్పు కాఫీలో అయిపోయింది. గౌను వేసుకునే గది మధ్యలో అడ్డంగా ఒక స్టీలు బెంచీ ఉంటుంది. ఇవతలి నేల మామూలు నేల, అవతలిది శుభ్రమైనది. బెంచీ దాటేటప్పుడు గౌను ఇవతలి నేలకి తగలకూడదు. రాజ్యం గారు దాటుతుండగా కాలి దగ్గర గుడ్డ జారి నేలకి తగలడం నేను కిటికీలోంచి స్వయంగా చూశాను. నేల మీంచి తీసిన శాంపిల్‌లోనూ అదే బూజు. "ఆపరేటర్ అజాగ్రత్త" అని రాసేశాను, ముందు రెండింటికీ రాసినట్టే.

అంత తొందరగా రాయడానికి ఇంకో కారణం ఉంది. ఆ ఫ్లోర్ మీద తెలుగువాళ్ళం మేమిద్దరమే. మనవాళ్ళని వెనకేసుకొచ్చిందని ఎవరైనా అంటారేమోనని, ఇంకొకరైతే అడిగే రెండు ప్రశ్నలు ఆవిణ్ణి అడగలేదు. దాన్ని నిజాయితీ అనుకున్నాను.

రిపోర్ట్ మీద నాతో పాటు ఫ్లోర్ మేనేజర్ సంతకం కూడా ఉండాలి. ఆ మధ్యే వచ్చిన మేనేజర్ డోరీన్. ఆరడుగుల మనిషి, అరవై దాటాయి, మోకాళ్ళు అరిగిపోయాయి. ముప్పై ఏళ్ళ కిందట ఇంకో కంపెనీలో గాజు సామాను కడిగే పనిలో చేరిందట. షిఫ్ట్ అయ్యే వేళకి క్లీన్‌రూమ్ బయటి తలుపు దగ్గర నీళ్ళ సీసాలు పెట్టుకుని నిలబడేది. లోపలున్నంతసేపూ ఎవరూ నీళ్ళు ముట్టకూడదు. బయటికి వచ్చేవాళ్ళ ముఖాల మీద గాగుల్స్ అచ్చులు పడి, దిండు మీంచి అప్పుడే లేచిన పిల్లల్లా ఉంటారు. గ్లవ్స్‌లో నానిన వేళ్ళకి మూత జారుతుందని, ఒక్కొక్కళ్ళకీ సీసా మూత తిప్పి మరీ ఇచ్చేది.

నేను దాన్ని నాటకం అనుకునేదాన్ని. కారిడార్‌లో 'సర్వెంట్ లీడర్‌షిప్' అని ఒక పోస్టర్ ఉండేది. ముందు సేవ చేసేవాడే నాయకుడని దాని తాత్పర్యం. దాన్ని అంటించిన పెద్దల్లో ఒక్కరూ ఒక్క రోజు గౌను వేసుకున్న పాపాన పోలేదు. కడుపు నింపేవాళ్ళు గోడలకి కాగితాలు అంటించరని లంచ్‌లో అందరి ముందూ అనేదాన్ని. డోరీన్‌ని కూడా ఆ పోస్టర్ ఖాతాలోనే వేసేశాను.

ఆవిడ నా రిపోర్ట్ రెండుసార్లు చదివి పక్కన పెట్టింది.

"దీని మీద సంతకం పెట్టను, వసూ."

"ఎందుకు పెట్టవు? నా కళ్ళతో చూశాను. గౌను నేలకి తగిలింది."

"తగిలిందని నేనూ ఒప్పుకుంటాను. ఎందుకు తగిలింది?"

"చూసుకోలేదు కనక."

"ఆవిణ్ణి అడిగావా?"

"అడగడానికేముంది? ట్రైనింగ్ రికార్డ్ ఉంది, ప్రొసీజర్ ఉంది. ఆ ప్రొసీజర్ రాసిందే నేను."

"ఇంకా మంచిది. నువ్వు ఆఖరిసారి లోపలికి వెళ్ళిందెప్పుడు?"

ఆరేళ్ళయింది. "నా పని కాగితాల మీద" అన్నాను.

"నేనే వెళ్ళి చూద్దును. కానీ ఇంత పొడుగు కాళ్ళకి ఆ బెంచీ ఒక లెక్కా? నీ ఎత్తెంత?"

"నా ఎత్తుతో నీకేం పని?"

"ఆవిడా నువ్వూ ఒకే ఎత్తు. రేపు ఫిల్లింగ్ లేదు, క్లీనింగే. ఆవిడతో పాటు వెళ్ళిరా. బయటికొచ్చాక కూడా ఇదే వాక్యం ఉంచుతానంటే సంతకం పెడతాను. వాదించను."

వాదించనన్న మనిషితో ఎలా వాదించాలో నాకు తెలియదు. సరేనన్నాను.

మర్నాడు పొద్దున లాకర్ల గదిలో రాజ్యం గారు గాజులు తీసి సంచిలో వేసుకున్నారు. నుదుటి మీది బొట్టుబిళ్ళ తీసి లాకర్ తలుపు లోపల అంటించారు. అక్కడ అంతకుముందు రోజులవి వరసగా ఎర్రటి చుక్కలు, ఏ రోజూ మానకుండా వచ్చానని ఎవరికో చెబుతున్నట్టు.

"మీరు కూడ తియ్యాలె మేడమ్" అన్నారు మెల్లగా. నా బొట్టు సంగతి నేను మర్చేపోయాను. ఆ చుక్కల పక్కనే నాదీ అంటించాను.

గౌన్ల అర దగ్గరికెళ్ళి స్మాల్ అని ఉన్న గడిలో చెయ్యి పెట్టాను. చేతికొచ్చింది మీడియం. కింద చూశాను, అదీ మీడియమే. రాజ్యం గారూ ఒకటి తీసుకున్నారు.

వేసుకున్నాక నా పాదాలు దాటి జానెడు గుడ్డ మిగిలింది. రెండు చేతుల్తో రెండు కాళ్ళ గుడ్డా పైకి పట్టుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది. బెంచీ దాటేటప్పుడు ఒక చేత్తో దాన్ని పట్టుకోవాలి. ఎవరో జారి పడ్డారని ప్రొసీజర్‌లో ఆ వాక్యం చేర్చింది నేనే. ఒక చెయ్యి బెంచీకిస్తే మిగిలేది ఒక చెయ్యి. కాళ్ళు రెండు.

ఎడమ కాలి గుడ్డ జారింది. నేల మీద దాని బరువు ఎంతుంటుంది, ఈగ వాలినంత. ఒళ్ళంతా తెలిసింది.

రూల్ ప్రకారం దాన్ని తీసి పారేసి ఇంకోటి వేసుకున్నాను. అదీ తగిలింది. మూడోది ఎలా దాటించానో నాకే తెలియదు. బెంచీకి అవతల రాజ్యం గారి కళ్ళు గాగుల్స్ వెనక నన్నే చూస్తున్నాయి.

"పండ్లతోని పట్టుకోవాలనిపిస్తది గదా మేడమ్" అన్నారు మాస్క్ లోంచి.

లోపల సన్నటి హోరు. పైకప్పులోంచి వడకట్టిన గాలి తెర దించినట్టు నెమ్మదిగా కిందికి దిగుతూ ఉంటుంది. గోడలు తెల్లవి, నేల తెల్లది, నా చేతులు నావి కానట్టు తెల్లగా నా ముందు కదులుతున్నాయి. రాజ్యం గారు గోడని పై నుంచి కిందికి తుడుస్తున్నారు. ఒక పట్టీ మీద సగం వచ్చేలా ఇంకో పట్టీ, ఎక్కడా వదలకుండా, ఎక్కడా తొందర లేకుండా. నేను పక్కన అదే చేశాను. గంటయిందో మూడయ్యాయో తెలియదు. మధ్యలో తలెత్తితే అద్దానికి అవతల ఎవరో కాఫీ కప్పుతో నిలబడి లోపలికి చూస్తున్నారు. ఆ మనిషి ఎంత దూరంగా, ఎంత తీరిగ్గా ఉన్నాడో. నాకు నేనే అక్కడ నిలబడి ఉన్నట్టనిపించింది. ఆ అజాగ్రత్త అన్న మాట ఈ చేతుల గురించే రాశాను కదా అనుకున్నాను.

బయటికొచ్చాక డోరీన్ ఇద్దరికీ మూతలు తిప్పి నీళ్ళిచ్చి పక్కకి తప్పుకుంది. గోడవారన బెంచీ మీద కూర్చున్నాం.

"స్మాల్ ఎప్పట్నుంచి లేవు?" అని అడిగాను.

"ఎండకాలం నుంచి. చిన్న సైజు వాడేది ముగ్గురమే గదా అని తెప్పిచ్చుడు బంద్ చేసిండ్రట."

"మరి చెప్పలేదేం?"

"పని ఇచ్చినకాడ బట్టలు కొలతకు కుట్టియ్యమంటమా?"

"నాకు చెప్పొచ్చుగా. తెలుగులోనే చెప్పొచ్చుగా."

ఆవిడ నీళ్ళు తాగి మూత పెట్టారు. "మీకు చెప్తే మీ మీదికి మాటొస్తది. మనోళ్ళు మనోళ్ళు ఒకటైన్రంటరు. గందుకే ఇంట్ల ప్రాక్టీస్ చేస్తున్న. మా సార్ ప్యాంటు తొడుక్కొని సోఫా ముందల బల్ల దాటుతున్న రోజూ. ఆయన కుర్చీలకెల్లి చూసి, తగిలింది, తగల్లే అని చెప్తుంటడు."

"ఎక్కువ ఏమంటారు?"

"తగిలిందనే" అని నవ్వారు. "ఆ బూజు నాకు ఎరుకే మేడమ్. కాలేజీల మైక్రోస్కోప్ కింద ఎంతమంది పిల్లలకు చూపిచ్చిన్నో. చిన్న చీపురుకట్ట లెక్కుంటది. గిట్ల నా మీదికొస్తదనుకోలే."

నేను ఆవిణ్ణి కాపాడకూడదని పట్టుబట్టాను. ఆవిడ నన్ను కాపాడాలని పట్టుబట్టారు. ఇద్దరం కలిసి ఒక గౌను సైజుని నోటెత్తి చెప్పుకోలేకపోయాం.

డోరీన్ గదిలోకెళ్ళి "ఆ వాక్యం తీసేస్తున్నాను" అన్నాను. నేను చెప్పలేదా అని ఒక్క మాట అంటుందేమో, జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆవిడ సొరుగులోంచి టేప్ తీసింది. ఆ చిన్న సైజు వాళ్ళని ముగ్గుర్నీ గౌన్ల గదిలోకి పిలిచింది. అరిగిన మోకాళ్ళ మీద బెంచీ పక్కన కూలబడి, ఒక్కొక్కరి కాలి పొడవూ కొలిచి కాగితం మీద రాసుకుంది. లేవడానికి రాజ్యం గారి భుజం పట్టుకోవాల్సి వచ్చింది. సిగ్గుపడలేదు.

గౌన్లు రావడానికి నాలుగు రోజులు పడుతుందన్నారు. ఈలోగా ఒక క్లయింట్ మందు నింపాలి. పై నుంచి ఫోన్ వచ్చింది, ఆ ముగ్గుర్నీ తప్పించి పొడుగువాళ్ళని పెట్టి నడిపించమని. మిగిలినవాళ్ళతో రెండు షిఫ్టులు నడపాలంటే విరామాలు కోసెయ్యాలి.

డోరీన్ అంది: "వాళ్ళని తప్పిస్తే, తప్పు వాళ్ళదని రేపు అందరూ అనుకుంటారు. మిగతావాళ్ళు అలిసిపోయి ఇంకో తప్పు చేస్తారు. మీకు కావలసిన మందు ఈ చేతుల్లోంచే రావాలి. ముందు ఈ చేతులు. కావాలంటే క్వాలిటీని అడగండి." ఫోన్ నా వైపు తిప్పింది.

నా నోటి దురుసుకి అంతవరకు మంచి పని ఏదీ దొరకలేదేమో. "గౌన్లు వచ్చేదాకా సీసాలు నింపే లైన్ ఆపాలని రాస్తున్నాను" అన్నాను. "మీరు వద్దంటే మీ పేరుతో ఒక కాగితం రాసివ్వండి. రిపోర్ట్‌కి జత చేస్తాను." ఆ కాగితం రాలేదు. లైన్ నాలుగు రోజులు ఆగింది.

నేను పాత రెండు రిపోర్టులు కూడా తిరిగి తెరిచాను. కారణం దగ్గర గౌను సైజు రాసి, దాని కింద ప్రొసీజర్‌లోని ఆ బెంచీ వాక్యం, రాసిన మనిషిగా నా పేరు పెట్టాను. మా డైరెక్టర్ పిలిచి, "నీ పేరు రాయనక్కర్లేదు కదా" అన్నాడు.

"ఆవిడ పేరు రాసినప్పుడు ఎవరూ అలా అనలేదే" అన్నాను.

గౌన్లు వచ్చిన పొద్దున కూడా పొగమంచే. నేను కిటికీ దగ్గర నిలబడ్డాను. రాజ్యం గారు స్మాల్ సైజు గౌను వేసుకుని, బెంచీ మీద చెయ్యి ఆనించి, ఒక కాలు, ఇంకో కాలు అవతల పెట్టారు. నేల వైపు చూడనైనా లేదు. అందులో చూడ్డానికేమీ లేదు. అయినా ఆ తెల్లటి ఆకారం లోపలి తలుపు దాటి కనుమరుగయ్యేదాకా చూశాను. ఆ ప్లేట్ మీద మళ్ళీ ఏమీ మొలవలేదు.

నా వృత్తి నాకు కళ్ళు నేర్పింది. గౌను నేలకి తగలడం నేను చూసింది నిజమే, అదే నన్ను పక్కదారి పట్టించింది. ఇప్పుడు రిపోర్ట్ మొదలుపెట్టే ముందు ఆ మనిషి వేసుకున్నదే వేసుకుని, ఆ మనిషి నిలబడ్డ చోటే ఒకసారి నిలబడతాను. ఏం తప్పు చేశావని అడగను. పని చేయడానికి నీకేం తక్కువైందని అడుగుతాను. చాలాసార్లు రిపోర్ట్ అక్కడే అయిపోతుంది.

డోరీన్ రిటైరయింది. పోస్టర్ ఇంకా గోడ మీదే ఉంది, దాన్ని చూస్తే నాకు ఇంకా మండుతుంది. షిఫ్ట్ అయ్యే వేళకి మాత్రం తలుపు దగ్గర నీళ్ళ సీసాలతో నేను నిలబడుతున్నాను. నాటకం అనుకునేవాళ్ళు అనుకోనీ, ఒకప్పుడు నేనూ అనుకున్నాను. మొదటి రోజు తొందరలో ఒక సీసా మూత తిప్పకుండానే ఇచ్చేశాను. రాజ్యం గారు నానిన వేళ్ళతో దాన్ని అటూ ఇటూ తిప్పి, నా చేతికే తిరిగి ఇచ్చారు.

"స్మాల్ సైజు చేతులు మేడమ్" అన్నారు.