పేరు చెప్పలేని ఆకు

ఆ పొద్దున గడప పక్కనున్న చెప్పులకు తడిమట్టి లేదు. చింతామణిలోని మా ఇంట్లో లేవగానే అందరం చూసేది ఆ మట్టినే. అది ఉంటే మా చిన్నవ్వ పొలం గట్ల మీద తిరిగి వచ్చేసినట్టు. ఆ రోజు ఆమె లేవలేదు. నిద్రలోనే పోయింది. నాన్న ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కు వెళ్ళి కైవార, బాగేపల్లి బంధువులకు ఫోన్లు చేశాడు.

ఆమె మా అవ్వకు చెల్లెలు. ఎనభై దాటినా కైవార దారిలో మైలు దూరం నడిచి, ఒడినిండా బెరకాకు కోసుకొచ్చేది. గట్ల మీద దానంతటది మొలిచే నాలుగైదు రకాల ఆకులు కలిస్తే బెరకాకు. ఉలవలతో కలిపి ఉడకబెట్టి, ఆ నీళ్ళతో బస్సారు అనే చారు, ఆకుతో తాళింపు. మధ్యాహ్నం సంగటిలోకి అవే.

ఆకు ఏరడానికి ఆమెకు ఒక కట్టుబాటు ఉండేది. ఒక్కో రకాన్నీ ఎత్తి చూపి పేరు చెప్పాలి. పేరు చెప్పలేని ఆకు వంట సట్టిలోకి పోకూడదు.

"విషమాకు గూడా పచ్చగానే ఉంటాది పాపా" అనేది.

నేను కాన్వెంటులో జవాబు తెలిసినా చెయ్యెత్తని పిల్లను.

"బుక్కులో మూతి దాపెట్టుకుంటే ఆకు యాడ కనిపిస్తాది? చెప్పవే, ఇదేమి?" అని నిలదీసేది.

దొగ్గలాకు, చెంచలాకు, గురుగాకు. నేను గట్టిగా పలికిన మొదటి మాటలు ఇవేనేమో.

ఆమె భయం మా అందరికీ తెలుసు. మా అవ్వ చివరి రెండేళ్ళు అందరినీ మరిచిపోయింది. "నువ్వెవురమ్మా?" అని అడిగినప్పుడల్లా చిన్నవ్వ "నీ చెల్లెల్ని అక్కా" అని తల దువ్వేది. తర్వాత పెరట్లోకి వెళ్ళి కాసేపు ఊరికే నిలబడేది. తనకూ అట్లా అవుతుందా అని ఒకసారి డాక్టరును అడిగింది. ఆకుకూరలు, పప్పు, నడక మంచివే, మానకండి, కానీ మాట ఇవ్వలేను అన్నాడాయన.

"ఆకు తింటే మతి నిలుస్తాదా అవ్వా?" అని నేనడిగాను.

"ఎవురికి తెలుసు? తినేదాంట్లో లేకపోతే ఏరేదాంట్లో ఉంటాదిలే."

అంతకు ముందు ఏడు ఒక రోజు గురుగాకు చేత పట్టుకుని ఆగిపోయింది. నేను నోరు తెరవబోయాను. "చెప్పొద్దు" అంది. చాలాసేపు చూసి పక్కన పెట్టింది. సంగటి కెలికేటప్పుడు వంటింట్లోంచి కేక వినిపించింది.

"గురుగు! గురుగే గదే, దొంగదానా, యాడికి పోతావు!"

అమ్మ పగలబడి నవ్వింది. ఆమె కూడా.

తర్వాత తర్వాత ఆ కేకలు రాలేదు. పక్కన పెట్టిన కుప్ప పెరుగుతూ వచ్చింది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. ఏరడం అయ్యాక ఆమె లేచి, చేతులు కడుక్కోవడానికి నీళ్ళ తొట్టి దగ్గరికి వెళ్ళేది.

భోజనం దగ్గర మాత్రం మొదటి ముద్ద మింగగానే ముఖం వెలిగేది.

"చెంచలి ఉండాది. గురుగూ ఉండాది ఈ పొద్దు."

ఒక్కటీ తప్పేది కాదు. నా వైపు కాసేపు చూసి, "ఇంగొంచెం పెట్టు పాపా" అనేది.

ఆమె తొట్టి దగ్గరికి వెళ్ళగానే, పక్కన పెట్టిన ఆకును మెల్లగా పేరు చెప్పి సట్టిలో వేసేది నేనే.